ఫోను ఎత్తని అబ్బాయికి

కొత్తరెడ్డిపాలెం,
మన యూదుల పంచాంగంలో ఎలూల్ నెల.

చిన్నా,

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి పార్సిల్లో ఈ ఉత్తరం పెడుతున్నాను. గోంగూర సీసా నిటారుగా ఉంచు, నూనె కారుతుంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నల్లకోడి మళ్ళీ గుడ్లు మానేసింది. మొన్న శనివారం ప్రార్థన అయ్యాక పెద్దింటి మామయ్య మీ నాన్నను పక్కకు పిలిచి, నువ్వు రాత్రిళ్ళు ఫోనులో డబ్బు పెట్టి పేకాట ఆడుతున్నావని చెప్పాడు. నేను నమ్మలేదు. ఊరికే రాస్తున్నాను.

కోడి అంటే గుర్తొచ్చింది. మన గురువులైన రబ్బీల మాటలు కూర్చిన గ్రంథం తల్మూదులో ఒక కథ ఉంది, నువ్వెప్పుడూ సగంలోనే నిద్రపోయేవాడివి. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవాళ్ళు యేట్సెర్ హరాను, మనిషిలోని ఆ చెడు కోరికను, తమ చేతికి అప్పగించమని దేవుణ్ణి వేడుకున్నారు. ముందు విగ్రహాల మీది మోజు అగ్ని సింహంలా మందిరంలోంచి బయటికి వచ్చింది. దాన్ని సీసపు కుండలో వేసి మూత బిగించారు. దేవుడు కరుణించే వేళ ఇదని కామాన్ని కూడా అడిగి పట్టుకున్నారు. తనను చంపితే లోకమే ఆగిపోతుందని అది హెచ్చరించింది. మూడు రోజులు కట్టేసి ఉంచారు. ఆ మూడు రోజుల్లో దేశమంతా వెతికినా తాజా గుడ్డు ఒక్కటి దొరకలేదట! కోళ్ళకు కూడా ఆశ చచ్చింది మరి. చివరికి దాని కళ్ళు పోగొట్టి వదిలేశారు. చంపలేదు చూడు. అది లేకపోతే ఎవరూ ఇల్లు కట్టరు, పెళ్ళి చేసుకోరు, వ్యాపారం చేయరని రబ్బీలే అన్నారు. కాబట్టి గెలవాలని ఉండడం తప్పని నేను అనను. మీ నాన్నకూ ఉండేది... వద్దులే, కాలువగట్టు సంగతి నీకు తెలుసు.

ఆ చెడు కోరిక మొదట దారిన పోయేవాడిలా వస్తుంది, తరువాత అతిథి అవుతుంది, ఆపైన ఇంటి యజమాని అవుతుంది అన్నాడు తల్మూదు గురువు రవా. మన ఇంట్లో యజమానిగా ఆరేళ్ళు కూర్చుంది. అద్దె నా గాజులు కట్టాయి.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. అయినా విను. ముందు నీలోని మంచి కోరికను దాని మీదికి ఉసిగొల్పు. లొంగకపోతే మన ధర్మశాస్త్రం తోరా చదువు. అప్పటికీ కాకపోతే దేవుడొక్కడే అనే షెమా ప్రార్థన చెప్పుకో. నాలుగోది చావును తలుచుకోమని. ఆ మాట నీకు వద్దు, మూడింటితో సరిపెట్టుకో. ఫోను పక్కగదిలో పెట్టి పడుకో. ఇది తల్మూదులో లేదు, నా మాట.

తలకు నూనె రాస్తున్నావా? శుక్రవారం సబ్బాతు (విశ్రాంతి దినం) దీపాలు వెలిగించాక నేను ఫోను ముట్టను, ఐదింటిలోపే చెయ్యి. నాన్న ఎత్తితే డబ్బు సంగతి తేవద్దు. శనివారం నుంచీ ఆయన సరిగా అన్నం తినడం లేదు.

అమ్మ