తలతో ఆపకండి, మెడ దాకా స్కాన్ తీయించండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఎక్స్‌రే గదుల్లో, అందులో చివరి పద్నాలుగేళ్ళు సీటీ స్కాన్ దగ్గర పనిచేసి రిటైరైన రేడియోగ్రాఫర్ని. "ఊపిరి బిగబట్టు, ఆ, ఇక వదులు" అంటూనే నా సర్వీసంతా గడిచిపోయింది. మీకు విన్నవించుకోవాల్సింది ఒక్కటే. పక్షవాతం అనుమానంతో వచ్చిన మనిషికి తల మాత్రమే స్కాన్ తీసి చేతులు దులుపుకోవద్దని, అదే బల్ల మీద, అదే పూట, మెడలోని రక్తనాళాలు కూడా తీయాలని జిల్లా ఆస్పత్రులన్నిటికీ రాతపూర్వకంగా ఆదేశం ఇప్పించండి. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా మేనల్లుడి సంగతి చెప్పాలి.

వాడికి 36 ఏళ్ళు. నల్లమల ఇవతల ఒక పల్లెలో ఉంటాడు, లారీ నడిపేవాడు. బీపీ లేదు, షుగరు లేదు, బీడీ ముట్టడు. నిరుడు వేసవిలో ఒక సోమవారం ఎడమవైపు మెడ పట్టేసిందన్నాడు. దవడ కింద మొదలై చెవి వెనకగా కంటిదాకా లాగుతోందన్నాడు. ఇంట్లో బామ్ రాశారు, దిండు తీసేశారు. మూడో రోజు వాళ్ళావిడ నాకు ఫోన్లో ఫొటో పంపి, "ఎడమ కన్ను చిన్నదైపోయింది చూడు పెదనాన్నా" అంది. చూశాను. రెప్ప కాస్త వాలి ఉంది. కంటిపాప రెండోదానికంటే చిన్నగా ఉంది. నిద్ర లేక అయ్యుంటుందిలే అమ్మా అన్నాను. ఆస్పత్రిలోనే జీవితం గడిపిన నాకు తట్టలేదు. మెడనొప్పి, వాలిన రెప్ప ఒకే పక్క కలిసి వస్తే మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని చిరిగిందేమోనని అనుమానించాలట. కంటికి వెళ్ళే సన్నటి నరాలు కొన్ని ఆ ధమనిని అంటిపెట్టుకునే పైకి పోతాయి. ధమని గోడ ఉబ్బితే అవి నలుగుతాయి, రెప్ప వాలుతుంది. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది.

గురువారం పొద్దున 6:40కి అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే వాడి కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. వంగి తీయబోయి పక్కకు ఒరిగిపోయాడు. ఏమైందని అడిగితే "అ, అ" అనడం తప్ప మాట లేదు. 108 వచ్చింది, బాగానే వచ్చింది. ఇరుగుపొరుగులో ఒకాయన పావురం రక్తం పూయిస్తే చాలన్నాడు, వాళ్ళావిడ వినలేదు. ఎనిమిదింటికల్లా మా ప్రాంతంలోని ఒక ఆస్పత్రిలో వాడు సీటీ బల్ల మీద ఉన్నాడు. దాని పేరు రాయను. తప్పు ఆ ఒక్క ఆస్పత్రిది కాదు కాబట్టి.

ప్లెయిన్ సీటీ, అంటే మందేమీ ఎక్కించకుండా తలకు మాత్రం స్కాను, తీశారు. "బ్లీడింగ్ ఏమీ లేదు, సీటీ నార్మల్. కుర్ర వయసు, ఫిట్సు వచ్చి ఉండొచ్చు, సాయంత్రం దాకా చూద్దాం" అన్నారు. కంప్యూటర్ తెర మీది బొమ్మను ఫొటో తీయించి నాకు పంపమన్నాను. ఫిల్ములో మనకు కుడిపక్క కనిపించేది మనిషి ఎడమపక్క. అక్కడ మెదడు మధ్య ధమని ఉండే చోట సన్నగా, తెల్లటి దారప్పోగులా ఒక గీత ఉంది. రెండోపక్క లేదు. రక్తం గడ్డకట్టి నాళంలో ఇరుక్కుంటే అలా తెల్లగా కనిపిస్తుంది. ఫోన్లోనే ప్రాధేయపడ్డాను: బాబూ, బల్ల మీంచి దించొద్దు, కాంట్రాస్ట్ ఇచ్చి గుండె పైనుంచి నడినెత్తి దాకా ఒక యాంజియో తీయి. కాంట్రాస్ట్ అంటే రక్తనాళాలు తెర మీద తేటగా కనబడేలా ఎక్కించే మందు, యాంజియో అంటే ఆ మందుతో తీసే నాళాల బొమ్మ.

డ్యూటీలో ఉన్న కుర్రాడు చెప్పిన జవాబు ఇప్పటికీ చెవిలో ఉంది. "సార్, క్రియాటినిన్ రిపోర్టు కావాలి, ల్యాబు తొమ్మిదిన్నరకి తెరుస్తారు. ఇంజెక్టరు నేనెప్పుడూ వాడలేదు సార్." క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష. కాంట్రాస్ట్‌ను నాళంలోకి వేగంగా ఎక్కించే ప్రెషర్ ఇంజెక్టరు ఆ గదిలోనే ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని ఉంది. ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. కాగితం మీద ఏమీ లేనప్పుడు, రేపు కిడ్నీకి ఏదైనా అయితే మెడకు చుట్టుకునేది తనకే అని వాడికి తెలుసు. నేనైనా ముప్పై ఏళ్ళ కిందట అదే మాట అని ఉండేవాణ్ణి.

అయితే ఆ రిపోర్టు కోసం ఆగనక్కర్లేదు. పెద్ద నాళం మూసుకుందని అనుమానం ఉండి, మునుపు కిడ్నీ జబ్బు లేని మనిషైతే క్రియాటినిన్ రాకముందే యాంజియో తీయవచ్చని అమెరికా స్ట్రోక్ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. మోచేతి మడతలో 18 గేజి క్యాన్యులా, అరవై డెబ్బై మిల్లీలీటర్ల మందు, కొన్ని సెకన్ల స్కాను. సూది గుచ్చిన దగ్గర్నుంచి బొమ్మ తెర మీదకి వచ్చేదాకా, చెయ్యి తిరిగినవాడికి పది నిమిషాల పని. మెదడుకు పోయే పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల కణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కకట్టారు. ల్యాబు తెరిచేదాకా ఎన్ని కోట్లు పోయాయో మీరే లెక్కేసుకోండి.

కెరోటిడ్ చిరగడం అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ధమని గోడకు మూడు పొరలుంటాయి. తేమ ఎక్కిన గోడకు రంగు పొర ఉబ్బినట్టు, లోపలి పొర చిరిగి రక్తం పొరల మధ్యకు దూరుతుంది. ఉబ్బిన గోడ దారిని నొక్కేస్తుంది. చిరిగిన చోట గడ్డ కట్టి, దాని ముక్క తెగి మెదడులోకి కొట్టుకుపోతుంది. మొత్తం పక్షవాతాల్లో ఇలాంటివి నూటికి రెండే. కానీ యాభై దాటని వాళ్ళలో చూస్తే ఐదుగురిలో ఒకరి దాకా మెడ ధమనుల చిరుగే కారణం. ఇల్లు నడిపే వయసు వాళ్ళ జబ్బు ఇది. యాక్సిడెంటులో మెడ విసురుగా తిరిగినా వస్తుంది, చిన్న కుదుపుకూ వస్తుంది, ఏ కారణమూ దొరక్కుండానూ వస్తుంది. మావాడు ఆ ముందు ఆదివారం కటింగ్ షాపులో మెడ విరిపించుకున్నాడు. అంతకు ముందు వారం రోజులు దగ్గుతో బాధపడ్డాడు. ఏది కారణమో ఎవరూ తేల్చలేరు. అయినా కటింగ్ అయ్యాక టక్కుమని మెడ విరిచే ఆ అలవాటు మానిపించమని సెలూన్ల వాళ్ళకు మీ శాఖ ఒక మాట చెబితే పోయేదేమీ లేదు.

ఇలాంటి చిరుగు ప్లెయిన్ సీటీలో దాదాపు కనిపించదు. అదీ అసలు చిక్కు. మెదడు దెబ్బతిన్న ఆనవాళ్ళు కూడా మొదటి గంటల్లో సరిగా కనబడవు. "నార్మల్" అన్న మాటను మనవాళ్ళు జబ్బు లేదన్నట్టు వింటారు. రక్తస్రావం లేదు అన్నదొక్కటే ఆ నార్మల్‌కి అర్థం. అక్కడి నుంచే వైద్యం మొదలవ్వాలి. నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. మెడలో చిరుగు ఉన్నా ఆ వ్యవధిలో అది చాలావరకు సురక్షితమే అన్నది నిపుణుల మాట. మావాడికి 11:10 దాకా సమయం ఉంది. ఇవ్వలేదు.

నేనే పోరి అంబులెన్సు మాట్లాడించాను. పన్నెండున్నరకు నగరంలోని పెద్దాస్పత్రికి చేరాం. అక్కడ యాంజియో తీశారు. బొమ్మ చూస్తే కడుపులో దేవినట్టయింది. ఎడమ కెరోటిడ్ రెండు కొమ్మలుగా విడిపోయే చోటికి కాస్త పైన, నాళం దీపం మంటలా మొన తేలి, ఆరిపోయినట్టు ఆగిపోయింది. కొవ్వు పేరుకుని మూసుకుపోతే మామూలుగా అలా ఉండదు. ఎక్కువగా చిరుగు ఉన్నప్పుడే ఆ మంట ఆకారం వస్తుంది. పైన మెదడు మధ్య ధమనిలో ఇంకో అడ్డు. కింద ఒకటి, పైన ఒకటి. వీటిని టాండెం అంటారు.

గడ్డను లాగేయడానికి తీగ పంపాలని 2:10కి తొడ దగ్గరి నాళంలో సూది పెట్టారు. ఆ తర్వాతి సంగతి బయటికి వచ్చాక డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మామూలు గడ్డ అయితే తీగ నేరుగా పోతుంది. చిరిగిన నాళంలో రెండు దారులుంటాయి: ఒకటి నిజమైనది, ఒకటి పొరల మధ్య దొంగదారి. తీగ దొంగదారిలో పడితే చిరుగు ఇంకా పైకి పాకుతుంది. అందుకే సన్నటి గొట్టం అడ్డు దాటించాక కాస్త మందు వదిలి, నిజమైన దారిలోనే ఉన్నామని రూఢి చేసుకుని, ముందు మెదడులోని గడ్డ పట్టారు. వలలాంటి స్టెంటు విప్పి, గడ్డ దానికి అల్లుకునేదాకా కొద్ది నిమిషాలు ఆగి, కిందినుంచి పీలుస్తూ లాగేశారు. మూడింటికి రక్తం పారింది. ఆ గడ్డని దూది మీద పెట్టి నాకు చూపించారు. చిటికెనవేలి గోరంత, నల్లద్రాక్ష తొక్క రంగులో ఉంది.

మెడలో స్టెంటు వేయాలా వద్దా అన్నది మరో తర్జనభర్జన. వేస్తే మళ్ళీ మూసుకోకుండా ఉండటానికి వెంటనే రెండు రకాల రక్తం పలచబరిచే మందులు ఇవ్వాలి. అప్పుడే దెబ్బతిన్న మెదడులో రక్తస్రావం భయం. వేయకపోతే నాళం మళ్ళీ పూడుకుపోవచ్చు. మావాడికి కుడిపక్క నుంచి అడ్డదారిలో ఎడమ మెదడుకు రక్తం బాగా అందుతోంది కాబట్టి స్టెంటు వేయలేదు. ఆస్పిరిన్‌తో సరిపెట్టారు. చిరుగు చాలావరకు నెలల్లో తనంతట తనే మానుతుందట, ఆరు నెలల స్కానులో మానింది కూడా. ఇంకొకరికి స్టెంటే ప్రాణాధారం కావచ్చు. ఇది ఆ గదిలో, ఆ నిమిషంలో, ఆ బొమ్మ చూసి తేల్చాల్సిన విషయం.

ఈ వైద్యం ప్రయోగదశలో ఉన్నదేమీ కాదు. 2015లో, విదేశాల్లో రోగుల మీద జరిపిన ఐదు పరీక్షల ఫలితాలు వచ్చాయి. వాటిలోని 1287 మందిని కలిపి చూస్తే, మూడు నెలల తర్వాత తమ పని తాము చేసుకోగలిగినవాళ్ళు గడ్డ తీసిన వందమందిలో 46, మామూలు వైద్యం పొందినవాళ్ళలో దాదాపు 27. తగిన రోగుల్ని ఎంచుకుంటే 24 గంటల దాకా కూడా చేయవచ్చని 2018లో డాన్ అనే మరో పరీక్ష తేల్చింది. నిజమే, చిరిగిన కెరోటిడ్ వాళ్ళ మీద విడిగా పెద్ద పరీక్షేదీ జరగలేదు. ఉన్నదంతా ఆస్పత్రుల అనుభవం. ఆ అనుభవం మాత్రం గడ్డ తీయడం వైపే మొగ్గుతోంది.

ఇక మీరు చేయగలిగింది. గుండెపోటుకు మనం ఇప్పటికే చేసి చూపించాం. 2023లో మన రాష్ట్రంలో మొదలైన స్టెమీ కార్యక్రమంలో చిన్న ఆస్పత్రిలో తీసిన ఈసీజీ పెద్దాస్పత్రి గుండె డాక్టరుకు చేరుతుంది, ఖరీదైన ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా పడుతుంది. మెదడుకూ అదే దారి వేయించండి. ఈసీజీ బదులు ఇక్కడ యాంజియో. హిమాచల్‌లో కొండల మధ్య ఊళ్ళ నుంచి డాక్టర్లు స్మార్ట్‌ఫోన్‌లోనే న్యూరాలజిస్టుకు స్కాన్లు చూపించి ఇంజెక్షన్లు ఇచ్చారు. కేరళ తన జిల్లా ఆస్పత్రుల్లోనే స్ట్రోక్ యూనిట్లు నడుపుతోంది. మనకేం తక్కువ?

ఆదేశంలో మూడు మాటలుంటే చాలు: తల, మెడ కలిపి తీయాలి, కిడ్నీ జబ్బు చరిత్ర లేకపోతే క్రియాటినిన్ కోసం ఆగకూడదు, అలా తీసిన టెక్నీషియన్‌కు, రాసిన డ్యూటీ డాక్టరుకు ఆదేశమే రక్ష. ఆ మూడో మాట మరిచిపోతే మొదటి రెండూ ఫైల్లోనే ఉండిపోతాయి. కాంట్రాస్టు మందు ఇండెంటు నెలాఖరున పెట్టి వచ్చే నెల మధ్యలో అందుకునే పద్ధతి మీకు తెలియంది కాదు, దాన్నీ చూడండి.

డబ్బు సంగతి. గడ్డ తీసే వల ఒక్కటే లక్షల్లో ఉంటుంది. మా చెల్లెలు రెండెకరాలు తాకట్టు పెట్టింది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో ఈ వైద్యానికి అనుమతి ముందు కాదు, తర్వాత తీసుకునేలా చూడండి. గడ్డ తీసేవాళ్ళు చేతులు కడుక్కుని నిలబడి, ఆస్పత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర లాగిన్ తెరుచుకోవడం కోసం ఎదురుచూడకూడదు. మెడలో స్టెంటు వేయడం, మెదడులో గడ్డ తీయడం రెండూ ఒకే రోజు ఒకే మనిషికి అవసరమైతే రెండింటికీ డబ్బు వస్తుందని స్పష్టంగా రాయించండి. లేకపోతే స్టెంటు వేయాలా వద్దా అన్నది డాక్టరు కాక ప్యాకేజీ నిర్ణయిస్తుంది.

మావాడు ఇప్పుడు నడుస్తాడు. మాట తడుముకుంటాడు. "గ్లాసు" అనబోయి "గడియారం" అంటాడు, తనకే తెలిసి నవ్వేస్తాడు. కుడిచేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేడు, ఏడేళ్ళ కూతురు పెడుతుంది. లారీ అమ్మేశారు. ఉదయం ఎనిమిదింటికే ఆ యాంజియో తీసి ఉంటే ఆ గుండీ వాడే పెట్టుకునేవాడా అని అడిగితే ఏ డాక్టరూ ఖాయంగా చెప్పడు. నేనూ చెప్పలేను.

ఒక మాట మాత్రం ఇవ్వగలను. ఆదేశం ఇప్పిస్తే, రాత్రి డ్యూటీ టెక్నీషియన్లకు ఇంజెక్టరు వాడటం, మెడ నుంచి తల దాకా ప్లాన్ పెట్టుకోవడం నేర్పడానికి నేను వస్తాను. ఒక్కో ఆస్పత్రిలో రెండు రాత్రులు చాలు. జీతం వద్దు, బస్సు చార్జీ కూడా నేనే పెట్టుకుంటాను. మోకాళ్ళు నొప్పి కాబట్టి స్కాను గది పైఅంతస్తులో ఉంటే మాత్రం లిఫ్టు పనిచేస్తోందో లేదో ముందే చెప్పించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ రేడియోగ్రాఫర్