మలావీ వ్యవసాయ శాఖామాత్యులకు బహిరంగ లేఖ

అయ్యా,

2016లో ఆఫ్రికాలో తొలిసారి గుర్తించిన కత్తెర పురుగు మీ మొక్కజొన్న చేలకూ పాకింది. పిల్లపురుగు ఆకు సుడిలోకి దూరాక మందు అందదు గనుక, గుడ్ల దశలోనే నలిపివేయాలన్న మాట చిన్న రైతుకు సకాలంలో, మీ స్థానిక భాషలైన చిచేవాలోనో టుంబుకాలోనో చేరాలి; కరెంటు లేని పల్లెలో ఆ పని చేయగలిగింది బ్యాటరీ రేడియోయే.

అయితే ప్రసార వేళ ముఖ్యం. కలుపు తీసి, నీళ్లు మోసి, వంట ముగించేదాకా స్త్రీలు వినలేరు. పైగా చాలా ఇళ్లలో సెట్టు మగవారి చేతిలోనే ఉంటుంది. (మా ఊళ్లలోనూ అంతే.) అయినా నేటి తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో 2008 నుంచి దళిత మహిళా రైతులే ‘సంఘం రేడియో’ అనే సామాజిక రేడియో కేంద్రాన్ని నడిపారు.

కనుక శ్రోతల ప్రశ్నలకు వ్యవసాయ విస్తరణాధికారి రాత్రివేళ జవాబిచ్చే అరగంట కార్యక్రమానికి, నవంబరులో విత్తనాలు వేయకముందే నిధులు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ రాజధాని లిలాంగ్వేలో నివసిస్తున్న ఒక తెలుగు వ్యవసాయ పట్టభద్రుడు