అత్తకు మీసాలు మొలిస్తే

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "జరగనిదాని గురించి అన్నేసి పేజీలు రాయడం, మనం కూచుని చదవడం... అత్తకు మీసాలుంటే మామ అయ్యేది అన్నట్టుంది నీ యవ్వారం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. సామెత బాగానే పేలింది, ఒప్పుకుంటున్నా. నాకు జవాబు తట్టడానికి రెండు రోజులు పట్టింది. మీసాలు మొలిచాయా లేదా అన్నది కాదురా సంగతి. మొలిచాయి సరే, మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఎవరెలా మసిలారు? చరిత్రలో ఒక ముక్క మార్చి కథలల్లే అమెరికా రచయిత హ్యారీ టర్టిల్‌డవ్ పుస్తకాలన్నీ ఆ మర్నాడు పొద్దుటి కథలే.

ముందు మనిషి గురించి చెప్తా. 1949లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. ఈ కాలపు మనిషొకడు ఆరో శతాబ్దపు రోములో ఊడిపడే నవల ఒకటుంది, డి క్యాంప్ అనే రచయితది. కుర్రతనంలో అది చదివి, ఇందులో నిజమెంత, కల్పనెంత అని తవ్వడం మొదలుపెట్టాడు. ఆ తవ్వకం వెళ్లి వెళ్లి 1977లో బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, చరిత్రలో డాక్టరేటు దగ్గర ఆగింది. ఒక నవల చదివి చరిత్రకారుడైపోయిన మనిషన్నమాట. తర్వాత 1979లో తన మొదటి నవలలు రెండూ వేరే పేరుతో వచ్చాయి. టర్టిల్‌డవ్ అంటే గువ్వ కదా, అది నిజం పేరంటే ఎవరూ నమ్మరని ప్రచురణకర్తలు ఎరిక్ ఐవర్సన్ అని పెట్టారు. గువ్వలచెన్న శతకం వల్లించుకున్నవాళ్లం, మనకైతే ఆ అనుమానమే వచ్చేది కాదు!

చదువు వృథా పోలేదు. 1987లో మొదలైన విడెస్సోస్ నవలల్లో సీజర్ కాలపు రోమన్ పటాలమొకటి మంత్రాలు పనిచేసే లోకంలోకి వెళ్లి పడుతుంది. ఆ లోకం పేరు మారిన బైజాంటియమే. మంత్రాల మాట అటుంచు, జీతాలందక అలిగే సైనికులు, మతం మీద కొట్టుకునే నగరవాసులు ఆయన థీసిస్‌లోంచి నడిచొచ్చినట్టే ఉంటారు.

ఇక నువ్వు ఎగతాళి చేసిన పుస్తకం, 'ది గన్స్ ఆఫ్ ది సౌత్' (1992). అది పుట్టిన తీరే ఒక కథ. జుడిత్ టార్ అనే తోటి రచయిత్రి తన పుస్తకం అట్ట మీద బొమ్మ చూసి ఒళ్లుమండి, అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ చేతిలో ఈ కాలపు ఊజీ తుపాకీ పెట్టినట్టుందని ఈయనకి ఉత్తరం రాసింది. ఇంకెవరైనా నవ్వి ఊరుకునేవాళ్లు. ఈయన మాత్రం లీకి ఆ తుపాకీ ఎవరిస్తారు, ఎందుకిస్తారు అని ఆలోచనలో పడ్డాడు. చివరికి ఊజీ కాస్తా ఏకే-47 అయింది. 2014 నుంచి దక్షిణాఫ్రికా శ్వేతజాతి దురహంకారులు కాలయంత్రంలో వచ్చి, 1864లో ఓటమి అంచున ఉన్న లీ సైన్యానికి ఆ తుపాకులు అందిస్తారు. యుద్ధం గెలవడం పుస్తకం సగం కాకముందే అయిపోతుందిరా! మిగతాదంతా గెలిచాక వచ్చిన తలనొప్పి. బానిసత్వాన్ని నిలబెట్టడానికి తుపాకులిచ్చినవాళ్లకీ, దాన్ని మెల్లగా వదిలించుకోవాలనుకునే లీకీ చెడుతుంది. ఇక్కడ నాకో పేచీ ఉంది. లీ మీద ఈయనకి ప్రేమ ఎక్కువైంది. చరిత్రలో ఉన్న లీ అంత మెత్తని మనిషని నేను నమ్మను.

పదకొండు నవలల వరస ఇంకోటి ఉంది. దానికి మూలం మాత్రం అచ్చంగా జరిగిందే. 1862 సెప్టెంబరులో లీ యుద్ధ పథకం రాసిన కాగితం, 191వ నంబరు ఉత్తర్వు, మూడు చుట్టల చుట్టూ చుట్టి మేరీల్యాండ్‌లో ఒక మైదానంలో పడిపోయింది. ఉత్తరాది సైనికులకి దొరికింది. ఆ చుట్టలు పడిపోకపోయి ఉంటే? దక్షిణాది గెలిచి వేరే దేశమైపోతుంది. లింకన్ ఓడిన అధ్యక్షుడిగా మిగిలి సోషలిస్టు ఉపన్యాసాలిచ్చుకుంటూ తిరుగుతాడు. తర్వాత మొదటి ప్రపంచయుద్ధపు కందకాలు అమెరికా నేల మీదే తవ్వుతారు, ఓడిన దక్షిణాదిలో ఫిరంగిదళం సార్జెంటొకడు హిట్లర్ దారి పడతాడు. ఊహ గొప్పదే గానీ, అన్నీ చదవమని నీకు చెప్పను. శామ్ కార్‌స్టెన్ అని ఒక నావికుడున్నాడు, వాడి తెల్లతోలు ఎండకి కమిలిపోతుందని కనబడినప్పుడల్లా చెప్తాడు మహానుభావుడు. నాలుగో పుస్తకానికొచ్చేసరికి ఆ కమలడమేదో నాకే మొదలైంది.

బల్లిజాతి గ్రహాంతరవాసులు 1942లో భూమ్మీద దండెత్తే వరస సరదాగా ఉంటుంది. పన్నెండో శతాబ్దంలో వాళ్ల నిఘా యంత్రమొకటి వచ్చి గుర్రాల మీద కవచధారుల్ని చూసి వెళ్తుంది. ఎనిమిది వందల ఏళ్లలో మనుషులేం మారతార్లే అని తీరిగ్గా బయల్దేరి వస్తే ఎదురుగా ట్యాంకులు! పైగా మన అల్లం వాళ్లకి మత్తుమందు. సేనాధిపతులకి కూడా వ్యసనం అంటుకుంటుంది.

ఇవన్నీ పక్కన పెట్టేసినా ఒక్క కథ మాత్రం నువ్వు చదవాలి. 'ది లాస్ట్ ఆర్టికల్', 1988లో వచ్చింది. యుద్ధం గెలిచిన నాజీలు ఇండియా దాకా వచ్చేస్తారు. బ్రిటిష్‌వాళ్లు పోయారు, వైస్రాయ్ స్థానంలో జర్మన్ ఫీల్డ్ మార్షల్ మోడెల్ కూచున్నాడు. గాంధీ తనకి తెలిసిన పద్ధతే మొదలుపెడతాడు. ఊరేగింపు వస్తుంది, మోడెల్ కాల్చమంటాడు. అంతే. చివరికి గాంధీనీ చంపేస్తారు. 1922లో అహ్మదాబాద్ విచారణలో, అహింస తన విశ్వాసంలో మొదటి అంశమనీ చివరి అంశమూ అదేననీ గాంధీ అన్నాడే, ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. ఇది గాలిలోంచి పుట్టిన ఊహేం కాదు. జర్మనీ యూదులు సత్యాగ్రహం చెయ్యాలని 1938లో గాంధీ నిజంగానే 'హరిజన్'లో రాశాడు, అది కుదిరే పని కాదని యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ మర్నాటి ఏడు జవాబిచ్చాడు.

కథ ముగించాక ముందు కోపమొచ్చింది. బ్రిటిష్‌వాళ్లకి సిగ్గుందని పొగిడినట్టేగా ఇది, జలియన్‌వాలా బాగ్ చేసింది ఎవరు మరి, అనుకున్నా. పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఆ డయ్యర్‌ని విచారణ సంఘం ముందు నిలబెట్టారు, పదవి నుంచి తప్పించారు. శిక్షగా అది చాలదు, కానీ అడిగేవాడంటూ ఒకడున్నాడు, అచ్చేసే పత్రికలున్నాయి. మోడెల్‌ని అడిగేవాడు లేడు. ఉప్పు సత్యాగ్రహం ఎన్నిటి మీద ఆనుకుని నిలబడిందో నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదురా, ఈ అబద్ధపు కథ చెప్పింది. గాంధీని తక్కువ చేసిందని నువ్వంటావేమో. చదివాక అను, అప్పుడు పోట్లాడుకుందాం.

అన్నట్టు, పోయినసారి కలిసినప్పుడు అర్ధరాత్రి దాకా కూచోబెట్టి, రాక్షసతంగడిలో రామరాయలు చిక్కకపోయి ఉంటే ఏమయ్యేదో గంటసేపు నాకు చెప్పిందెవర్రా? అత్త మీసాలు అప్పుడు గుర్తు రాలేదా? ఆ ముచ్చటే కాగితం మీద పెట్టి పంపు. 1565 జనవరితో మొదలెట్టు, మర్నాడు పొద్దున దాకా చాలు.

నీ
పుస్తకాల పిచ్చోడు