బోర్డు మీద పోచంపల్లి, బిల్లు మీద ఫ్యాన్సీ శారీ

సంపాదకులు గారికి,

మాది భూదాన్ పోచంపల్లి. మా ఆయన మగ్గం నేస్తారు. ఆసు పోయడం (డిజైన్‌కు తగ్గట్టు నూలును మేకులకు చుట్టడం), రంగు అంటకూడని చోట నూలుకు చిటికీలు (ముడులు) కట్టడం నా పని. మొన్న చుట్టాల పెళ్లి బట్టలకని హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపుకు వెళ్తే, మా ఊరి పేరుతో బోర్డు పెట్టి దాని కింద చీరలు గుట్టగా పేర్చారు. ఒక్కోటి 850 రూపాయలు. విప్పి తిరగేసి చూశాను. ముందు వైపు రంగు గాఢంగా ఉంది, వెనక వైపు వెలిసిపోయినట్టుంది. నేయకముందే నూలుకు రంగు వేస్తాం కాబట్టి మా ఊరి నేతైన అసలు ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ఇది వట్టి ప్రింటు. ఒకటి కొంటే బిల్లు మీద ‘ఫ్యాన్సీ శారీ’ అని కొట్టిచ్చారు. పోచంపల్లి అని రాసివ్వమంటే, ‘బిల్లులో అట్ల రాదమ్మా’ అన్నాడు కౌంటర్లో అబ్బాయి. రేపు కేసు అంటూ అయితే కోర్టులో చూపించడానికి మా చేతిలో ఏమీ ఉండకూడదని కాబోలు!

పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కేలా ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ పేరు వాడి మోసం చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అక్కడి స్టేషన్‌కు వెళ్తే ఎస్సై మర్యాదగానే మాట్లాడారు. కానీ సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రావాలట, ఆయన కూడా ముందు జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలట. రిజిస్ట్రీ ఉండేది చెన్నైలో. అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా ఆ స్టాకు షాపులో ఉంటుందా?

ఇక దావా. మా బంధువుల్లో ఒక లాయరు చెప్పేదాకా నాకూ తెలియదు, జిల్లా కోర్టులోనే వేయాలట. అయితే షాపు ఉన్న చోటికే పోనక్కర్లేదు, మనం ఉండే జిల్లాలోనూ వేయొచ్చు. అంటే భువనగిరిలోనే. కాకపోతే వేసే మనిషి ‘అధీకృత వినియోగదారు’గా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, జీఐ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. దాని ఫీజును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయలు ఎవరైనా కడతారు. ఆ ఫారం నింపి, మేం నేసేవాళ్లమని రుజువులు జతచేసి, చెన్నై నుంచి ప్రశ్నలొస్తే జవాబు రాసేదెవరు? మా ఇంట్లో ఎవరికీ ఆ నమోదు లేదు.

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఆ సాయం అంటే భరణం, ఆస్తి తగాదాలే అనుకుంటాం మేమంతా. మగ్గం పనికి కూడా పనికొస్తుందని చెప్పినవాళ్లు లేరు. కాబట్టి న్యాయ సేవాధికార సంస్థలకు నా మనవి ఒకటే. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట లాంటి నేత ఊళ్లున్న జిల్లాల్లో జీఐ చట్టం చదివిన లాయరును ఒక్కరినైనా ప్యానెల్‌లో పెట్టండి. నెలకోసారి మా ఊరికి వచ్చి కూర్చునేలా చూడండి. ముందు ఆ పది రూపాయల దరఖాస్తులు నింపించినా చాలు, కేసుల సంగతి ఆ తర్వాత చూసుకుంటాం.

ఇట్లు,
ఒక చేనేత కార్మికురాలు,
భూదాన్ పోచంపల్లి, యాదాద్రి భువనగిరి జిల్లా