ఇల్లు వేలం దాకా పోకుండా: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. డ్రైనేజీ, వీధిలైట్లు, బతుకమ్మ ఏర్పాట్ల లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివాం, ఆఫీసు గోడకు కూడా అంటించాం, చూసుకోండి. ఈ ఏడాది మన టైం ఎక్కువగా పోయింది హౌసింగ్ లోన్ కిస్తీలు ఆగిపోయి జప్తు దాకా వచ్చిన మన నల్లగొండ కుటుంబాల మీదే కాబట్టి ఈ నివేదిక కూడా వాళ్ల గురించే.

ఇది మన ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మహిళా పొదుపు సంఘాల లీడర్లు, ఆటో యూనియన్ వాళ్లు, రిటైర్డ్ ఉద్యోగుల సంఘంలోని పాత బ్యాంకు మనుషులు, కొందరు కుర్ర లాయర్లు కలిసొచ్చారు. ఎవరింట్లో కిస్తీ ఆగిందో అందరికన్నా ముందు తెలిసేది పొదుపు సంఘం మీటింగులోనే. మగవాళ్లు పరువు అనుకుని బయటికి చెప్పుకోరు.

లారీ నడిపే ఒకాయన కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. మేం వెళ్లేసరికి బ్యాంకు నుంచి వచ్చిన రిజిస్టర్ పోస్టు కవర్లు గృహప్రవేశం ఫొటో వెనకాల దోపి ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. విప్పితే ఏమవుతుందోనని భయం. కిస్తీ ఆగి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అవుతుంది, ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టుకు పోకుండానే బ్యాంకు తాకట్టు ఇల్లు స్వాధీనం చేసుకుని అమ్ముకునే వీలిచ్చే చట్టం) కింద నోటీసు వస్తుంది, దానికి 60 రోజుల గడువు. ఆ లోపల అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. మనవాళ్లు రాసివ్వరు, మేనేజరును బతిమాలి వస్తారు, కాగితం మీద ఏమీ మిగలదు.

అదృష్టం కొద్దీ లారీ ఆయనకు ఆ 60 రోజుల గడువు ఇంకా ఉంది. రిటైర్డ్ క్లర్కు సారు స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో స్టేట్‌మెంట్ ఒక్కో లైను చదివి, ఆలస్య రుసుమును అసలులో కలిపి దాని మీద కూడా వడ్డీ వేసినట్టు పట్టుకున్నారు. 2024 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అలా కలపకూడదు. రాసిచ్చాక బ్యాంకు ఆ వడ్డీ వెనక్కి తీసింది, లోన్ తీర్చే కాలం పెంచి కిస్తీ తగ్గించింది. ఇల్లు నిలబడింది.

అన్నీ నిలబడలేదు. ఒక కుటుంబం వేలం ప్రకటన పేపర్లో పడ్డాక వచ్చింది. సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత ఆ ప్రకటన వెలువడితే మొత్తం బాకీ కట్టి విడిపించుకునే హక్కు ఉండదు. బ్యాంకు స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో హైదరాబాద్‌లోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, వాళ్లకు ఆ గడువు కూడా దాటిపోయింది. ముందే వచ్చి ఉంటే బ్యాంకు రాతపూర్వక అనుమతితో ఇల్లు తామే అమ్ముకునే దారి చూసేవాళ్లం, అలా అయితే వేలం కన్నా మంచి ధర వచ్చే అవకాశం ఉంటుంది. వేలంలో బాకీ, ఖర్చులు పోను మిగిలిన పైసలు మాత్రం ఇంటివాళ్లవే, వాటి కోసం ఇంకా తిరుగుతున్నాం.

రికవరీ ఏజెంట్ల ఫోన్ల టెన్షన్ గురించి చాలామంది అడిగారు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు, చేస్తే కాల్ వివరాలు దాచిపెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయొచ్చు.

సంఘం డబ్బుతో ఎవరి కిస్తీ కట్టలేదు, కట్టం కూడా, కొందరు అలిగారు, అయినా అది మన తాహతు కాదు. అడ్వాన్సు ఇస్తే సెటిల్‌మెంట్ చేయిస్తామనే బ్రోకర్లను మాత్రం గడప తొక్కనీయకండి.

వచ్చే ఏడాది ఆదివారం పొద్దున ఆఫీసులోనే కూర్చుంటాం. లోన్ మంజూరు పత్రం, స్టేట్‌మెంట్, వచ్చిన కవర్లన్నీ, విప్పనివి కూడా, పట్టుకు రండి. జిరాక్సు ఖర్చే ఎక్కువవుతోంది, ఎవరింట్లోనైనా వాడని ప్రింటరుంటే ఇవ్వండి.