పసుపు మరకలూ ఎర్రనీళ్లూ

టార్నిట్, మెల్‌బోర్న్
ఆదివారం రాత్రి

అమ్మా,

మేమంతా బాగున్నాం. ఫోన్‌లో చెప్తే నాన్న మధ్యలోనే వార్తల్లోకి వెళ్లిపోతారు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఆయన పక్కనున్నప్పుడు పైకి చదువు. చివర్లో ఆయన సంగతే ఉంది.

ఇల్లు మారుతున్నామని చెప్పాను కదా. తాళాలు ఇచ్చేలోపు ఇల్లు మేం దిగిన రోజు ఎలా ఉందో అలా కనపడాలి, లేకపోతే బాండ్‌లో కోత పెడతారు. బాండ్ అంటే మన అడ్వాన్సే, నెల అద్దె. కాకపోతే ఓనరు జేబులో ఉండదు, ప్రభుత్వం వాళ్ల దగ్గర ఉంటుంది. గోడలు, కార్పెట్లు బాగానే ఉన్నాయి. నా టెన్షనంతా పొయ్యి వెనక తెల్ల టైల్స్‌ గురించే. టైల్స్ కూడా కాదు, వాటి సందులు. ఆరేళ్ల పోపు అక్కడే ఉంది. నువ్వొచ్చి ఉన్న మూడు నెలల వాటా కూడా అందులో కొంచెం గట్టిగానే ఉందిలే!

టైల్ మీద గాజులాంటి పూత ఉంటుంది కాబట్టి తుడిస్తే పోతుంది. సందులో ఉండేది సిమెంటు. ఇక్కడ గ్రౌట్ అంటారు. కొత్త కుండ నీళ్లు పీల్చినట్టు పీలుస్తుంది. పసుపు నీళ్లలో సరిగా కరగదు కానీ నూనెలో కరుగుతుంది, ఆ నూనెతో పాటే లోపలికి పోయి కూర్చుంటుంది. అందుకే ముందు గిన్నెల సబ్బు, వేడినీళ్లతో జిడ్డు వదిలించాను. జిడ్డు పోయాక పసుపు ఇంకా పచ్చగా కనపడింది, ఏడుపొచ్చింది.

తర్వాత ఆక్సిజన్ బ్లీచ్ తెచ్చాను. బట్టల మరకలకి వాడే తెల్ల పొడి, డబ్బా మీద సోడియం పెర్కార్బొనేట్ అని ఉంటుంది. వేడినీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రాశానో లేదో, పసుపు గీతలన్నీ ఎర్రగా మారిపోయాయి! గోడ నిండా కుంకుమ గీతలు. మీ అల్లుడుగారు వచ్చి చూసి "అయిపోయింది మన బాండ్" అని వెళ్లిపోయారు.

నాకు రెండు నిమిషాలు పట్టింది గుర్తు రావడానికి. పసుపునీళ్లలో చిటికెడు సున్నం వేసి నువ్వు దిష్టి తీసే ఎర్రనీళ్లే కదా ఇవి! ఆ పొడి నీళ్లలో పడగానే రెండుగా విడిపోతుంది, ఒకటి బట్టల సోడా, ఇంకొకటి హైడ్రోజన్ పెరాక్సైడ్. సున్నం చేసే పనే సోడా చేసి పసుపుని ఎర్రబరుస్తుంది. పెరాక్సైడ్ మెల్లిగా ఆ రంగుని తినేస్తుంది. భయపడి వెంటనే కడిగేసి ఉంటే పనంతా వృథా అయ్యేది. ఆరిపోకుండా మళ్లీ మళ్లీ తడుపుతూ ఇరవై నిమిషాలు ఉంచి, బ్రష్‌తో రుద్ది కడిగాను. మూడు విడతలు పట్టింది. ఇనుప పీచు మాత్రం ముట్టుకోలేదు, అది టైల్‌ని గీకేస్తుంది.

మిగిలిన లేత పసుపుని ఎండకి వదిలేశాను. బట్ట మీద పసుపు ఎండలో వెలిసిపోతుందని నువ్వు చెప్పిందే. ఇక్కడ ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది, వంటింటి కిటికీ అటే ఉంది. కర్టెన్ తీసి రెండు రోజులు ఉంచితే అదీ పోయింది.

సింకు దగ్గర నేల మీద ఇంకో మరక గుర్తుందా? డిసెంబర్ ఎండల్లో, ఇక్కడి మామిడికాయలతో నువ్వు ఆవకాయ కలిపిన చోటు. పేపర్లు పరిచాం కానీ నూనె వాటి కిందకి దిగింది. దానికి నాలుగో విడత కూడా పట్టింది.

ఇక నాన్న సంగతి. ఆఫీసులో ఒకావిడ వెనిగర్ పొయ్యమంది, పొయ్యలేదు. పులుపు ఏదైనా సిమెంటుని తినేస్తుంది. నాన్న నెలకోసారి బాత్రూమ్‌లో పోసే యాసిడ్ ముందు వెనిగర్ ఎంత! బుస్సుమని నురగొస్తే మురికి పోతోందని ఆయన సంతోషం. బోరు నీళ్ల తెల్లపొర పోతుంది, నిజమే. దాంతోపాటు సందుల్లో సిమెంటూ పోతుంది. ఆ ఖాళీల్లోంచి నీళ్లు దిగితే కింద గది సీలింగ్‌కి చెమ్మ రాక ఏమవుతుంది? పెయింటర్‌ని తిట్టి లాభం లేదు. ఇంకో మాట, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ అస్సలు చల్లనివ్వకు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న బాత్రూమ్‌లో తలుపు వేసి ఉంటే ప్రాణం మీదకొస్తుంది. ఇది మటుకు రెండుసార్లు చదివి వినిపించు.

ఎండిన సందు మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. చుక్క నిలబడితే సరే, ఇంకిపోతే మరకలు కూడా అలాగే ఇంకుతాయి. అప్పుడు శుభ్రంగా కడిగి, బాగా ఆరాక సీలర్, అంటే సందు నీళ్లు పీల్చకుండా పైన రాసే ద్రవం, రాయించాలి. సందులు మరీ గుల్లయిపోతే పాతది గీకించి ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటు బదులు గట్టిపడే జిగురుతో చేసింది) నింపించండి. మేస్త్రీ తెల్ల సిమెంటు చాలంటాడు, వినొద్దు. ఎపాక్సీ ఖరీదు ఎక్కువే కానీ నీళ్లు పీల్చదు.

కొత్తింట్లో పొయ్యి వెనక టైల్స్ లేవమ్మా, ఒకటే పెద్ద గాజు పలక. సందన్నదే లేదు. ఈసారి వచ్చినప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు పోపు పెట్టుకో.

నీ కూతురు