పర్మిట్‌తో పాటు పోటు వేళ కూడా ఇవ్వండి

అండమాన్ నికోబార్ దీవుల ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి ఒక్క రోజు యాత్ర ఎలా వేసుకోవాలో తెలుగు కుటుంబాలకు చెప్పే పని మాది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో వచ్చే ఈ కుటుంబాల్లో పిల్లలుంటారు, పెద్దలుంటారు. ఎక్కువమందికి ఈత రాదు. బతికున్న పగడాన్ని చూడటం వాళ్లకు అదే మొదటిసారి. పర్మిట్ ఇచ్చేటప్పుడే వాళ్ల చేతికి తెలుగులో ఒక అర పేజీ కాగితం ఇవ్వమని, దాని మొదటి వరుసలో ఆ రోజు పోటు (నీళ్లు నిండే వేళ) ఎన్నింటికో, ఆటు (నీళ్లు తగ్గే వేళ) ఎన్నింటికో రాయమని అడగడానికే ఈ లేఖ. తమిళం, బెంగాలీ, హిందీ మాట్లాడేవాళ్లకూ ఇదే అవసరం.

1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ జాతీయ సముద్ర ఉద్యానంలో 15 దీవులున్నాయి. చుట్టూ ఉన్న సముద్రంతో కలిపి 281.5 చదరపు కిలోమీటర్లు. సందర్శకులు దిగే జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను వంతులవారీగా తెరుస్తారు. సాధారణంగా నవంబరు నుంచి మే నడిమి దాకా జాలీ బాయ్, వానల కాలమంతా రెడ్ స్కిన్. ఒకటి తెరిచి ఉన్నంతకాలం రెండోదానికి విశ్రాంతి దొరుకుతుంది. రాత్రి బస లేదు, ప్లాస్టిక్ లేదు. ఈ నియమాల వల్లే ఆ నీళ్లు ఇంకా అలా ఉన్నాయి. వీటిలో ఒక్కటి కూడా సడలించమని మేం అడగడం లేదు.

ఇక పోటు సంగతి. పడవలు పొద్దున పూట బయల్దేరతాయి, సముద్రం మాత్రం గడియారం చూసుకోదు. అక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఏ రోజుకారోజు ఈ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే ఇవాళ పది గంటలకు నిండు పోటు ఉంటే, వారం తిరిగేసరికి అదే పది గంటలకు దాదాపు ఆటు ఉంటుంది. నీటిమట్టంలో తేడా కూడా రోజూ ఒకేలా ఉండదు. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో సుమారు రెండు మీటర్లు, అష్టమి దగ్గర అంతకంటే చాలా తక్కువ. పంచాంగం చూసే ఇళ్లలో ఈ ముక్క చెబితే ఇట్టే పట్టుకుంటారు. అందుకే గంటల పక్కన తిథి కూడా వేయండి.

ఆ రెండు మీటర్లతోనే పగడం బతుకు మారిపోతుంది. పగడపు దిబ్బ మీద తలమునక నీళ్లున్నప్పుడు లైఫ్ జాకెట్ తొడుక్కున్న మనిషి పైన తేలుతూ కిందికి చూస్తాడు. అదే దిబ్బ మీద నడుం లోతే మిగిలితే, కంగారు పుట్టగానే కాళ్లు కిందికి దించి నిలబడతాడు. నిలబడేది ఇసుక మీద కాదు, కొమ్మ పగడం మీద. కొమ్మ పగడం బాగా ఎదిగితే ఏడాదికి పది సెంటీమీటర్లు. బండలా గుండ్రంగా పెరిగే జాతులకైతే ఏడాదికి ఒక సెంటీమీటరే గొప్ప. అరికాలి కింద అది విరగడానికి ఒక్క అడుగు చాలు. ఆ విరిగిన అంచే అరికాల్ని కోస్తుంది, ఆ గాయం ఒక పట్టాన మానదు.

ఈ కంగారు ఎక్కడి నుంచి పుడుతుందో కూడా చెప్పాలి. పది సార్లలో తొమ్మిది సార్లు ముఖానికి పెట్టుకునే మాస్క్ నుంచే. మాస్క్ రబ్బరు అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా చాలు, నీళ్లు సన్నగా లోపలికి వస్తాయి. మీసం ఉన్నవాళ్లకైతే పై పెదవి దగ్గర కారుతుంది. నీళ్లు ముక్కు దాకా చేరగానే మనిషి ఊపిరి పీల్చే స్నార్కెల్ గొట్టం వదిలేసి, తల పైకెత్తి, కాళ్లు దించేస్తాడు. పట్టీ బిగిస్తే కారడం ఆగుతుందనుకుంటారు గానీ, బిగించేకొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది. సరైన మాస్క్ ఏదో గట్టు మీదే తేల్చుకోవచ్చు. పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి లోపలికి పీల్చి, చెయ్యి తీసేయాలి. అది జారిపడకుండా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. జుట్టంతా వెనక్కి దువ్వాలి, మీసం ఉన్నవాళ్లు అంచును వీలైనంత ముక్కు కిందికి జరుపుకోవాలి. అద్దం మీద ఆవిరి పట్టకుండా లోపలి వైపు ఉమ్మి రాసి కడుక్కుంటే చాలు. లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగినప్పుడు గడ్డానికి తగిలితే వదులుగా ఉన్నట్టే.

ఈ పరీక్షకు మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. పడవ ఎక్కే ముందు జెట్టీ మీదే చేయించండి. దీవికి చేరాక ఒడ్డున ఇసుక ఉన్నచోట నడుం లోతు నీళ్లలో పది నిమిషాలు గొట్టంతో ఊపిరి పీల్చడం అలవాటు చేయించి, ఆ తర్వాతే పగడాల వైపు పంపండి. ఈ పది నిమిషాలు దాటవేస్తే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

బట్టల మాట ఎవరూ చెప్పరు, చెప్పాల్సింది అదే. చీర కొంగు, చున్నీ నీళ్లలో పరుచుకుని పగడపు కొమ్మలకు చుట్టుకుంటాయి. విడిపించబోయి ఇంకో నాలుగు కొమ్మలు విరగ్గొడతారు. పడవ నిచ్చెన మెట్లకు చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. నూలు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఒంటికి అతుక్కునే నైలాన్ లెగ్గింగ్, పొడుగు చేతుల చొక్కా అయితే ఆడవాళ్లకు మర్యాదగా ఉంటుంది, ఎండా తగలదు. ఒళ్లంతా అలా కప్పుకుంటే సన్‌స్క్రీన్ ముఖానికీ మెడకూ రాస్తే సరిపోతుంది. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లను పగడాల రక్షణ కోసమే హవాయిలో 2021 నుంచి అమ్మనివ్వడం లేదు. ఆ రెండు పేర్లు మీ కాగితం మీద వేస్తే, జనం ఊళ్లో కొనేటప్పుడే సీసా వెనక చూసుకుంటారు. జింక్ ఆక్సైడ్ ఉన్నదాన్ని నీళ్లలో దిగడానికి ఇరవై నిమిషాల ముందు రాసుకోవాలి. రాసిన వెంటనే దిగితే సగం సముద్రంలోకే పోతుంది.

ప్లాస్టిక్ తేకూడదని అందరికీ తెలుసు, ఏది ప్లాస్టికో తెలియకనే జెట్టీ దగ్గర ఇబ్బంది పడతారు. నీళ్ల సీసా ఒక్కటే అనుకుంటారు. బిస్కెట్ ప్యాకెట్టు, ఓఆర్‌ఎస్ పొట్లం, మాత్రల అట్ట, షాంపూ సాషే, పిల్లల డైపరు, వెట్ వైప్స్ కూడా ఆ లెక్కలోకే వస్తాయని సంచి విప్పి చూసినప్పుడు గానీ తట్టదు. కాబట్టి ఏం వద్దో చెప్పడంతో ఆగకుండా, బదులుగా ఏం తేవాలో రాయండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో. ఓఆర్‌ఎస్ పొడి బయల్దేరే ముందే పొట్లం మీద రాసినన్ని నీళ్లలో కలుపుకోవాలి, ఆ రోజే తాగేయాలి. మాత్రలు పేరు రాసిన చిన్న స్టీలు డబ్బాలో. తినేది గట్టి మూత ఉన్న డబ్బాలో, ఒక్క మెతుకు కూడా చేపలకు వేయకుండా. పగడం మీది నాచు మేసే చేపలు మనం వేసే తిండికి అలవాటు పడితే ఆ నాచు పెరిగి పగడాన్నే కప్పేస్తుంది. పడవలో వాంతులయ్యేవాళ్లు మాత్ర వేసుకోవాల్సింది ఎక్కడానికి అరగంట, గంట ముందు. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. ఖాళీ కడుపుతో ఎక్కితే ఇంకా నరకం.

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి వండూరు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్నా, రోడ్డు మీద గంట పడుతుందనుకుని బయల్దేరాలి. పర్మిట్ ముందు రోజే తీసుకుని, గుర్తింపు కార్డు అసలుది వెంట ఉంచుకోవాలి. తిరిగొచ్చాక వండూరు తీరంలో మొసలి హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీళ్లలో దిగకూడదు. ఇవన్నీ ఒక్కో వరుసలో అయిపోతాయి.

పగడపు ముక్కలు, గవ్వల గురించి మాత్రం రెండు వరుసలు కేటాయించండి. ఒడ్డున తెల్లగా పడి ఉన్న ముక్కను రాయి అనుకుని పిల్లలు జేబులో వేసుకుంటారు. అది పగడపు అస్థిపంజరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలు మొదటి షెడ్యూలులో ఉన్నాయని, చచ్చిన ముక్క పట్టుకెళ్లినా నేరమేనని తెలియక విమానాశ్రయంలో తనిఖీకి దొరికిపోతారు. ఖాళీ గవ్వ కూడా నిజానికి ఖాళీది కాదు. మెత్తటి పొట్ట దాచుకోవడానికి గవ్వ వెతుక్కుంటూ తిరిగే పీతకు అదే ఇల్లు.

కాగితంతో తీరనివి రెండున్నాయి, అవి మీ ఉత్తర్వుతోనే అవుతాయి. అమావాస్య, పౌర్ణమికి అటూ ఇటూ రెండేసి రోజులు, ఆటుకు ముందు గంట, తర్వాత గంట స్నార్కెలింగ్ ఆపించండి. ఆ వేళలో జనాన్ని ఇసుక మీద, చెట్ల నీడన ఉంచితే ఎవరికీ నష్టం లేదు. వీలైన రోజుల్లో పడవ వేళనే పోటుకు తగ్గట్టు గంట అటో ఇటో జరపండి. రెండోది, వేడి. నీళ్లు మామూలు ఎండాకాలపు గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై నాలుగైదు వారాలు అలాగే ఉంటే, పగడం తనలోని నాచును వదిలేసి తెల్లబడుతుంది. అండమాన్‌లో 2010లోనూ 2016లోనూ అదే జరిగింది. తెల్లబడిన పగడం చచ్చినట్టు కాదు. నీళ్లు చల్లబడితే కోలుకోవచ్చు, కానీ అప్పుడు కాలు తగిలినా, పైన ఇసుక పడినా తట్టుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో నీటి వేడి కొలిచి, ఆ గీత దాటిన వారాల్లో నీళ్లలో దిగడం పూర్తిగా ఆపండి. ముందుగా ప్రకటిస్తే యాత్ర వాయిదా వేసుకోమని కుటుంబాలకు మేమే నచ్చజెబుతాం.

నవంబరులో జాలీ బాయ్ మళ్లీ తెరిచేలోగా ఈ అర పేజీ అచ్చయితే చాలు. తెలుగు పాఠం రాసివ్వడానికి, తప్పులు దిద్దడానికి, నెల నెలా తిథులు సరిచూడడానికి మేం సిద్ధం.

ఇట్లు,
జాలీ బాయ్ యాత్రలకు ఏర్పాట్లు చేసే తెలుగువాళ్లం